సోరియాసిస్ పరిశోధన ఎంతవరకు వచ్చింది? పాఠకుల ప్రశ్నలకు చర్మవైద్యుని సమాధానాలు

ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సోరియాసిస్ గురించినవే. చర్మాన్ని చూడకుండా మందు చెప్పడం సరికాదు కనుక, ఏ మందు వాడాలని అడిగిన ఉత్తరాలను పక్కన ఉంచి, ఈ వ్యాధి మీద జరుగుతున్న పరిశోధన గురించి, అందులో తమకు పనికివచ్చేది ఏదన్న దాని గురించి అడిగిన వారికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చాలాకాలంగా మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో సోరియాసిస్ ఉంది. మందు వాడినంత కాలం తగ్గుతుంది. ఆపిన కొన్ని నెలలకు సరిగ్గా అవే చోట్ల పొలుసులు లేస్తాయి. ఇన్ని పరిశోధనలు జరుగుతున్నాయంటున్నారు కదా, మళ్లీ రాకుండా చేసే మందు ఎందుకు రావడం లేదు? (ఒక పాఠకుడు, గుంటూరు)

సమాధానం: అవే చోట్ల తిరిగి వస్తోందన్న విషయాన్ని మీరు సరిగా పట్టుకున్నారు. సోరియాసిస్ పరిశోధకులలో చాలామంది ఇవాళ వెతుకుతున్న జవాబు దానికే. అయితే ఆ ప్రశ్న దగ్గరకు చేరడానికే వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది.

1970ల చివరి వరకు సోరియాసిస్‌ను చర్మకణాల లోపంగానే భావించేవారు. మామూలుగా చర్మపు పైపొర అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అదే పని కొద్ది రోజులలో జరిగిపోవడం వల్ల, పూర్తిగా ముదరని కణాలు పొరలు పొరలుగా పేరుకుని తెల్లని పొలుసులవుతాయి. ఆ వేగాన్ని తగ్గిస్తే చాలునని అప్పట్లో అనుకున్నారు. 1979లో, మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందును కీళ్లవాపు ఉన్న కొందరిపై పరీక్షిస్తుండగా, వారిలో సోరియాసిస్ ఉన్నవారి చర్మం కూడా తేటపడింది. ఆ మందు ప్రధానంగా అణచేది టి-కణాలనే తెల్ల రక్తకణాలను. వ్యాధి కనిపించేది చర్మం మీదే అయినా, దానిని నడిపిస్తున్నది రోగనిరోధక వ్యవస్థ అన్న అవగాహన అక్కడి నుంచి బలపడింది.

ఆ తరువాతి చరిత్రంతా, ఈ కణాలు ఏ సంకేతాల ద్వారా చర్మాన్ని రెచ్చగొడుతున్నాయన్న వెతుకులాటే. మొదట టిఎన్‌ఎఫ్ అనే సంకేతాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి. వాటిలో ఎటానర్‌సెప్ట్‌కు చర్మ సోరియాసిస్ చికిత్స కోసం అమెరికాలో 2004లో అనుమతి లభించింది. మరోవైపు ఇంటర్‌ల్యూకిన్-12 అసలు దోషి అని నమ్మి, దానిని పట్టుకునే ఉస్టెకినుమాబ్‌ను తయారు చేశారు. 2000లో ఇంటర్‌ల్యూకిన్-23 అనే మరో సంకేతం బయటపడింది. ఈ రెండింటికీ ఒక భాగం ఉమ్మడిగా ఉంటుంది, ఉస్టెకినుమాబ్ పట్టుకునేది ఆ ఉమ్మడి భాగాన్నే. మందు చక్కగా పనిచేసింది. కాని పనిచేసినది ముఖ్యంగా 23ను ఆపినందువల్లనని తరువాత అర్థమైంది. గురి తప్పినా దెబ్బ తగలవలసిన చోటనే తగిలిందన్నమాట. ఆ 23 ప్రేరణతో టి-కణాలు ఇంటర్‌ల్యూకిన్-17ను విడుదల చేస్తాయని, చర్మకణాలను నేరుగా ఉసిగొలిపేది అదేనని తేలాక, 17ను ఆపే సెకుకినుమాబ్ 2015లోను, ఇక్సెకిజుమాబ్ 2016లోను, కేవలం 23ను ఆపే గుసెల్కుమాబ్ 2017లోను, రిసాంకిజుమాబ్ 2019లోను అమెరికాలో అనుమతి పొందాయి. ఒకప్పుడు మచ్చల తీవ్రత 75 శాతం తగ్గితే మందు గెలిచినట్టు లెక్క. ఇప్పుడు 90 శాతాన్ని, కొన్ని పరీక్షలలో మచ్చలు పూర్తిగా మాయమవడాన్ని కొలమానంగా పెట్టుకుంటున్నారు.

అయినా ఆపితే తిరిగి వస్తున్నది. ఎందుకన్నదానికి 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగం దారి చూపింది. సోరియాసిస్ రోగుల ఒంటి మీద మచ్చలేని, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని తీసి, రోగనిరోధక శక్తి లేని ఎలుకలకు అతికించారు. రక్తం నుంచి కొత్త కణాలేవీ రాకుండానే, ఆ అతుకులో సోరియాసిస్ దానంతటదే పుట్టింది. అంటే వ్యాధికి కావలసిన టి-కణాలు చర్మంలోనే కాపురం ఉంటున్నాయి. మచ్చ మానిన చోట కూడా ఇలాంటి 'స్థానిక జ్ఞాపక కణాలు' నివురుగప్పిన నిప్పులా మిగిలిపోతాయని తరువాతి పరిశోధనలు చూపించాయి. మీ మోచేతి మీది మచ్చ మళ్లీ అదే చోట లేవడానికి కారణం చాలావరకు ఇవేనని ఇప్పటి అవగాహన.

ఈ కణాలను తగ్గించగలమా, వ్యాధి మొదలైన కొత్తలోనే గట్టి మందు ఇస్తే అవి పాతుకుపోకుండా ఉంటాయా అన్నవి ఇప్పుడు పరీక్షిస్తున్న ప్రశ్నలు. గుసెల్కుమాబ్‌పై యూరప్‌లో జరిగిన 'గైడ్' అనే అధ్యయనంలో, వ్యాధి మొదలై రెండేళ్లకు మించనివారిలో చర్మం త్వరగా, పూర్తిగా శుభ్రపడిన వారి పాలు ఎక్కువగా కనిపించింది. అలా పూర్తిగా శుభ్రపడిన వారిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు యథాప్రకారం 8 వారాలకొకసారి, రెండో జట్టుకు 16 వారాలకొకసారి మందు ఇస్తే, ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రిసాంకిజుమాబ్‌ను మొదట్లో మామూలుకన్నా ఎక్కువ మోతాదులో ఇచ్చి జ్ఞాపక కణాలను తుడిచివేయగలమా అని చూసిన మరో ప్రయత్నం కూడా ఆశాజనకంగానే ఉంది గాని, అది పట్టుమని పాతికమంది కూడా లేని చిన్న అధ్యయనం. వ్యాధి నడకను మార్చవచ్చునేమో అన్న దశలో శాస్త్రం ఉన్నది. మళ్లీ రాకుండా చేశామని చెప్పగల దశలో లేదు. గోడల మీద 'మూలం నుంచి నయం చేస్తాం' అని రాసుకున్నవారెవరికీ శాస్త్రానికి తెలియని రహస్యం ఏదీ తెలియదు.

ప్రశ్న: నాకు 25 ఏళ్లుగా సోరియాసిస్ ఉంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. ఇది అంటుకుంటుందని కొందరు, వంశంలో వస్తుందని కొందరు అంటున్నారు. జన్యు పరీక్ష చేయించి అమ్మాయికి రాదని ధ్రువపత్రం తీసుకోవచ్చునా? (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

సమాధానం: అమ్మా, సోరియాసిస్ అంటుకోదు. తాకినా, కలిసి తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా రాదు.

వంశపారంపర్యం మాటకు వస్తే, తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం దాదాపు 14 శాతమని, ఇద్దరికీ ఉంటే 40 శాతం దాకా ఉంటుందని కుటుంబాలపై జరిగిన అధ్యయనం ఆధారంగా చెబుతుంటారు. అంటే మీ అమ్మాయికి రాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. ఒకే జన్యువుల పోగుతో పుట్టిన కవలలలో కూడా ఒకరికి వచ్చి రెండోవారికి రాని సందర్భాలు బోలెడు. ఆరవ క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ-సి 06:02 అనే జన్యురూపానికి ఈ వ్యాధితో అన్నింటికన్నా బలమైన సంబంధం ఉంది. అది కాక జన్యుపటంలో మరో 60కి పైగా చోట్లను ఇప్పటికే గుర్తించారు. కాని ఆ 06:02 ఉన్నవారిలో అత్యధికులకు జన్మలో సోరియాసిస్ రాదు, అది లేనివారిలో కొందరికి వస్తుంది. కనుక మీరు అడిగిన ధ్రువపత్రాన్ని ఏ ప్రయోగశాలా నిజాయితీగా ఇవ్వలేదు.

జన్యువులకు బయటి కారణం తోడు కావాలి. గొంతులో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి చేరాక పిల్లలకు, యువకులకు ఒళ్లంతా చినుకులు చల్లినట్టు మచ్చలు లేవడం మేము తరచూ చూసేదే. లిథియం, క్లోరోక్విన్, రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లలో కొన్ని, నోటి ద్వారా వాడిన స్టిరాయిడ్‌ను హఠాత్తుగా మానేయడం కూడా దీనిని రేపగలవు.

మరి జన్యు పరిశోధన వల్ల రోగికి ఒరిగిందేమిటి అంటారా? చీము పొక్కులతో, జ్వరంతో, కొన్నిసార్లు ప్రాణం మీదికి తెచ్చే అరుదైన సోరియాసిస్ ఒకటి ఉంది. దానికి ఐఎల్-36 (ఇంటర్‌ల్యూకిన్-36) అనే సంకేతానికి పగ్గం వేసే జన్యువులోని లోపం కారణం కావచ్చునని 2011లో కనుగొన్నారు. ఆ సంకేతాన్ని ఆపే స్పెసోలిమాబ్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. పదకొండేళ్లలో జన్యువు నుంచి మందు దాకా రావడం వైద్యంలో అంత తరచుగా జరిగే సంగతి కాదు. అంతకుమించి, ఏ జన్యురూపం ఉన్నవారికి ఏ ఇంజెక్షన్ బాగా పడుతుందో ముందే చెప్పగలమా అన్న పరిశోధన నడుస్తోంది. 06:02 ఉన్నవారికి ఉస్టెకినుమాబ్ మెరుగ్గా పడుతున్నట్టు సూచనలున్నా, రోజువారీ వైద్యంలో దానిని చూసి మందు ఎంచే స్థితి ఇంకా రాలేదు.

ప్రశ్న: మా వారికి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేయించమన్నారు. దగ్గు లేదు, జ్వరం లేదు. చర్మవ్యాధికి, క్షయకు ఏమి సంబంధం? పైగా ఆ ఇంజెక్షన్ల ఖర్చు మా శక్తికి మించినది. వేరే దారి లేదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

సమాధానం: మీ వైద్యులు చెప్పినది సరైనదే. క్షయ సూక్ష్మజీవి మన దేశంలో ఎందరి ఊపిరితిత్తులలోనో వ్యాధి కలిగించకుండా నిద్రాణంగా ఉంటుంది. దానిని చుట్టుముట్టి కదలకుండా ఉంచే కణాల కట్టడికి టిఎన్‌ఎఫ్ అవసరం. ఆ టిఎన్‌ఎఫ్‌ను మందుతో ఆపితే కట్టడి సడలి, క్షయ మేల్కొనవచ్చు. అందుకే ఛాతీ ఎక్స్‌రే, మాంటూ అనే చర్మపరీక్ష లేదా రక్తపరీక్ష చేయించి, అవసరమైతే ముందుగా క్షయ నివారణ మందులు ఇస్తారు. ఐఎల్-17, ఐఎల్-23లను ఆపే మందులతో ఈ ముప్పు బాగా తక్కువని ఇప్పటివరకు వచ్చిన అనుభవం చెబుతోంది. క్షయ విస్తారంగా ఉన్న మనవంటి దేశానికి ఇది పాశ్చాత్యులకన్నా మనకే ఎక్కువ పనికివచ్చే ఫలితం.

ఖర్చు సంగతి. టిఎన్‌ఎఫ్‌ను ఆపే అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్, అంటే మూలమందును పోలిన తక్కువ ధర మందు, 2014 డిసెంబరులో మన దేశంలోనే అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ విడుదల చేసింది. అంతకుముందు సంవత్సరం బెంగళూరు బయోకాన్ సంస్థ, టి-కణాల మీది సిడి-6 అనే ప్రోటీన్‌ను పట్టుకునే ఇటోలిజుమాబ్‌ను సోరియాసిస్ కోసం తెచ్చింది. దాని పరీక్షలు మన రోగుల మీదనే జరిగాయి. ధరలు ఒకప్పటికన్నా తగ్గాయి. అయినా నెలసరి జీతం మీద నడిచే ఇంటికి అవి ఇంకా భారమేనన్నది నేను రోజూ చూస్తున్న నిజం.

అందువల్ల, కొత్త ఇంజెక్షన్ల వార్తల మధ్య మరుగున పడిపోయే రెండు అధ్యయనాలను మీకు చెప్పాలి. మొదటిది మెథోట్రెక్సేట్ గురించి. 1950ల నుంచి సోరియాసిస్‌కు వాడుకలో ఉన్న ఈ చవక మందును, మాత్రగా కాక చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలా ఉంటుందని యూరప్‌లో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 16 వారాలకు మచ్చల తీవ్రత 75 శాతం తగ్గినవారు మందు తీసుకున్న జట్టులో 41 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్న జట్టులో 10 శాతం. కొత్త మందుల ముందు ఇది చిన్న అంకెలా కనిపించవచ్చు. ధరను పక్కన పెట్టి చూస్తేనే అలా కనిపిస్తుంది. రెండోది అతినీలలోహిత కాంతి చికిత్స. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి కాంతి పెట్టె ముందు నిలబడాలంటే పనులు మానుకోవాలి, అందుకే చాలామంది మధ్యలో ఆపేస్తారు. అమెరికాలో 783 మందిపై జరిపి 2024లో ప్రచురించిన 'లైట్' అధ్యయనం, వైద్యుని పర్యవేక్షణలో ఇంటి దగ్గర తీసుకున్న కాంతి చికిత్స ఆసుపత్రిలో తీసుకున్నదానికి ఏమాత్రం తీసిపోదని చూపించింది. మన జిల్లాలలో ఇలాంటి పరికరాన్ని అద్దె పద్ధతిలో అందుబాటులోకి తేవడానికి ఎవరైనా పూనుకుంటే, పది కొత్త మందులకన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

మెథోట్రెక్సేట్ విషయంలో ఒక్క హెచ్చరిక. దీనిని వారానికి ఒక్కరోజు మాత్రమే తీసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోవచ్చు. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి. కాలేయం, రక్తకణాల పరీక్షలు మానవద్దు; మద్యం కూడదు. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవారు దీనిని వాడరాదు.

ప్రశ్న: పత్రికలలో వేసే బొమ్మలలో సోరియాసిస్ మచ్చలు ఎర్రగా ఉంటాయి. నాకు మాత్రం ముదురు ఊదాగా, తగ్గాక నల్లగా ఉన్నాయి. ఇది సోరియాసిస్ అవునా కాదా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

సమాధానం: మీ వైద్యులు పరీక్షించి నిర్ధారించి ఉంటే అవును. చామనఛాయ, నలుపు చర్మాలపై ఎరుపు సరిగా కనిపించదు. తీవ్రతను కొలవడానికి 1978 నుంచి వాడుతున్న 'పాసి' కొలమానంలో ఎరుపుకూ మార్కులు ఉన్నాయి కనుక, మనవంటి చర్మాలలో వ్యాధి ఉన్నదానికన్నా తక్కువగా నమోదయ్యే ప్రమాదం ఉంది. పెద్ద మందుల పరీక్షలలో పాల్గొన్నవారిలో అత్యధికులు తెల్లవారే కావడం కూడా పాత లోపమే. దీనిని సరిదిద్దడానికి, తెల్లవారు కాని రోగులనే చేర్చుకుని గుసెల్కుమాబ్‌ను పరీక్షించిన 'విజిబుల్' అధ్యయనం ఇటీవల జరిగింది. మచ్చ మానాక మిగిలే నలుపు వ్యాధి కాదు. దాని మీద స్టిరాయిడ్ పూత కొనసాగిస్తే చర్మం పలచబడుతుంది.

ప్రశ్న: వంకాయ, గోంగూర, చేప మానేయమని ఒకరు, అంకుడు ఆకు నూనె రాయమని ఒకరు, తారు కలిసిన మందు వాడమని ఒకరు చెబుతున్నారు. వీటికి శాస్త్రీయ ఆధారం ఉందా? (ఒక పాఠకుడు, అనకాపల్లి)

సమాధానం: పథ్యానికి లేదు. వంకాయ, గోంగూర మానితే సోరియాసిస్ తగ్గుతుందని చూపిన పరీక్ష ఏదీ లేదు. తింటే మీకు దురద పెరుగుతోందని మీరే గమనిస్తే మానవచ్చు, అంతే. అధిక బరువు ఉన్నవారు బరువు తగ్గితే మచ్చలూ తగ్గుతాయని, మందులూ బాగా పడతాయని మాత్రం పరీక్షలలో తేలింది. పొగ, మద్యం మానడం పథ్యం కింద లెక్కవేసుకోండి.

నూనె, తారు సంగతి ఇంతకన్నా ఆసక్తికరమైనది. మీ జిల్లాలోని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టు ఆకులనే, కొబ్బరినూనెలో వేసి ఎండలో నానబెట్టి, సిద్ధవైద్యులు ఈ వ్యాధికి పూస్తారు. ఆ ఆకులలో నీలిమందు జాతి పదార్థాలున్నాయి. చైనా సంప్రదాయ వైద్యంలో వాడే నీలిమందు పూతను తైవాన్‌లో 42 మందిపై, మందు లేని పూతతో పోల్చి పరీక్షించి 2008లో మంచి ఫలితం ప్రకటించారు. ఇక తారును అతినీలలోహిత కాంతితో కలిపి వాడే పద్ధతిని అమెరికాలో గోకర్‌మన్ అనే వైద్యుడు 1925లోనే ప్రకటించాడు; అది ఎందుకు పనిచేస్తుందో దశాబ్దాలపాటు ఎవరికీ తెలియలేదు. చర్మకణాలలో ఉండే ఏహెచ్ఆర్ అనే గ్రాహకాన్ని, అంటే సంకేతాలను అందుకునే భాగాన్ని, తారు మేల్కొలుపుతుందని, చర్మపు రక్షణ పొర దానివల్ల కుదురుకుంటుందని గత పదిహేనేళ్లలో తెలిసింది. నీలిమందులోని ఇండిరుబిన్ కూడా అదే గ్రాహకాన్ని తాకుతుంది. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టాపినారాఫ్ అనే పూతమందు పనిచేసేదీ అక్కడే. దాని మూలపదార్థం నేలలోని సన్నని పురుగులలో నివసించే ఒక సూక్ష్మజీవి నుంచి దొరికింది.

దీనిని బట్టి పాతవన్నీ గొప్పవని అనుకోకూడదు. అంకుడు నూనె మీద పెద్ద, నమ్మదగిన పరీక్షలు జరగలేదు. పూసుకుంటే హాని అరుదు, తీవ్రమైన వ్యాధికి చాలదు. నాకు భయమల్లా పేరులేని పొట్లాలలో వచ్చే పొడుల గురించి. వాటిలో స్టిరాయిడ్, సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. స్టిరాయిడ్ ఉన్న పొడి తిని నెలరోజులలో అద్భుతంగా తగ్గినవారికి, అది ఆపగానే ఒళ్లంతా చీము పొక్కులు లేచి ఆసుపత్రిలో చేర్చవలసి వస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి, సోరియాసిస్‌కు ఇంజెక్షన్ అక్కరలేని కొత్త మాత్ర వచ్చిందని, పంపిస్తానని అంటున్నది. నాకు 61 ఏళ్లు. ఈ మధ్య ఉదయం లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. వాడవచ్చునా? (ఒక పాఠకుడు, కాకినాడ)

సమాధానం: మీ అమ్మాయి చెబుతున్నది బహుశా 2022 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందిన డ్యూక్రావాసిటినిబ్ గురించి కావచ్చు. ఐఎల్-23 సంకేతం కణం లోపలికి చేరడానికి టైక్-2 అనే ఎంజైమ్ కావాలి, ఈ మాత్ర దానిని ఆపుతుంది. ఒక పెద్ద పరీక్షలో 16 వారాలకు 75 శాతం మెరుగుదల పొందినవారు ఈ మాత్రతో 58 శాతం, పాత మాత్ర అప్రెమిలాస్ట్‌తో 35 శాతం, ఉత్తుత్తి మాత్రతో 13 శాతం. మేలైన ఇంజెక్షన్లు ఇంతకన్నా బలంగా పనిచేస్తాయి. ఐఎల్-23 గ్రాహకాన్నే నేరుగా అడ్డుకునే ఐకోట్రోకిన్రా అనే మరో మాత్ర కూడా మూడో దశ పరీక్షలలో మంచి ఫలితాలు చూపింది. పరిశోధన ఇప్పుడు మాత్రల వైపు గట్టిగా మళ్లింది.

కాని మీ ఉత్తరంలో నన్ను ఆపినది మాత్ర కాదు, వేళ్ల బిగుతు. సోరియాసిస్ ఉన్నవారిలో సుమారు 30 శాతం వరకు కీళ్లవాపు రావచ్చు, అది ఆలస్యమైతే కీళ్లు వంకర తిరిగి మళ్లీ సరికావు. చర్మానికి ముందుగా బలమైన మందు ఇస్తే కీళ్లవాపు రాకుండా ఉంటుందా అని ఇప్పుడు పరిశీలిస్తున్నారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. గుండె విషయం కూడా ఉంది. తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఎక్కువని 2006లో అమెరికన్ పరిశోధకులు చూపించారు. మచ్చలు తగ్గిస్తే ఆ ముప్పూ తగ్గుతుందని ఆశించారు గాని, అడాలిముమాబ్‌తో జరిపిన పరీక్షలలో రక్తనాళాల వాపు తగ్గలేదు. కనుక చక్కెర, రక్తపోటు, కొవ్వు పరీక్షలు మీరు విడిగా చేయించుకోవలసిందే.

అమ్మాయిని మాత్రలు పంపవద్దనండి. క్షయ, కాలేయ పరీక్షలు లేకుండా మొదలుపెట్టే మందు కాదది. ఈ వారంలోనే కీళ్లవ్యాధుల నిపుణునికి వేళ్లు చూపించండి. ఉదయం బిగుతు ఎంతసేపు ఉంటోందో, మడమ నొప్పి ఉందో లేదో, గోళ్ల మీద గుంటలు పడ్డాయో లేదో చూసుకుని, రాసుకుని వెళ్లండి.